టైం ఇచ్చే కొస

మా ఊరి పంచాయతీ ఆఫీసుకూ, రైతు సంఘం ఆఫీసుకూ మధ్య ఆధునిక సమాచార సంబంధం ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రెంటికీ నడుమ ఉన్నది ఒక్క గోడే. కిటికీలోంచి పిలిస్తే పలుకుతరు. కానీ పిలుపుకు రికార్డు ఉండదు గదా.

పట్నంలో పాతబడ్డ రౌటర్లు రెండు, వాటిని కలిపే లావుపాటి సీరియల్ కేబుల్ ఒకటి పర్ణశాల దారిలో ఆటో ఎక్కి వచ్చినయి. బిగించే పని నా బిడ్డ భార్గవిది. కాంట్రాక్టు కొలువు. ప్రారంభోత్సవంలో పచ్చ లైటు వెలగకపోతే ఆ కొలువు ఉండదన్నరు. తీగ అంటే కరెంటు, కరెంటు అంటే షాకు, షాకు అంటే దవాఖానా. అందుకని టిఫిన్ డబ్బా, రబ్బరు చెప్పులు పట్టుకుని నేనూ వెంట పోయిన. "పొద్దు గూకకముందే ఇంట్ల ఉండాలె" అని దారంతా చెప్పిన. "అవ్ అమ్మా, నువ్వెట్ల చెప్తే గట్లనే" అన్నది. బంగారు తల్లి.

కేబుల్‌కు ఒక కొస టైం ఇస్తదట, రెండో కొస ఆ టైం ప్రకారం నడుస్తదట. డప్పు కొట్టేటోడు ఒకడు, అడుగేసేటోడు ఒకడు అన్నట్టు. ఏది ఏ కొసనో దాని మీదనే అక్షరాలు రాసి ఉంటయట. ఈ సంగతి నా బిడ్డ అందరి ముందు నోరు జారి చెప్పేసింది.

సర్పంచ్ మంగీలాల్ లేచిండు. "ఈ ఊరికి టైం ఇచ్చేటోణ్ని నేను. తీసుకునుడు నా పదవికే మచ్చ!"

సంఘం అధ్యక్షుడు ఆంథోని గారు గోడ అవతలి నుంచే గర్జించిండు. "వడ్లు ఎప్పుడు కాంటా పెట్టాల్నో చెప్పేది ఎవరు? మాకు ఇచ్చుడే తెలుసు!"

పెద్దమనుషులు కూసొని, రెండు కొసలూ టైం ఇయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించిండ్రు.

"మరి వినేదెవరు సార్?" అన్నది భార్గవి.

"వినుడు కింది స్థాయి సిబ్బంది చూసుకుంటరు."

తీగలో పోయే మాటలన్నీ ఒకట్లు, సున్నలేనట; డప్పు దెబ్బ పడితే ఒకటి అనుకోవాల్నా, పడకపోతే ఒకటి అనుకోవాల్నా అన్న లెక్క కూడా రెండు దిక్కులా ఒకటే ఉండాలట. అది కంటికి కనబడేది కాదు గనుక భార్గవి రెండింట్లో ఒకటే పెట్టేసింది. ఎవరి పరువూ పోలేదు.

కొబ్బరికాయలు వచ్చినయి, రిబ్బను కట్టిండ్రు, రెండు కొసలూ ఇచ్చేటియే అయ్యేసరికి లైటు మాత్రం వెలగలేదు. కొలువు పోయినట్టే అనుకున్న. రామయ్యకు మొక్కిన. ఎందుకైనా మంచిదని పక్కింటి ఇన్నమ్మతో చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించమన్న.

అప్పుడు భార్గవి బంతిపూలు అడిగింది. కొసల మీది అక్షరాలు కనబడకుండా రెంటికీ నిండుగా దండలు చుట్టింది. సర్పంచ్ చెవిలో ఏదో చెప్పింది. అవతలి గదికి పోయి ఆంథోని గారి చెవిలోనూ చెప్పింది. ఇద్దరి మొహాలూ వెలిగినయి. కాసేపటికి లైటూ వెలిగింది.

పంచాయతీ నుంచి తొలి సందేశం పోయింది: "మేమిచ్చిన టైం అందిందా?" జవాబు వచ్చింది: "అది మేమిచ్చిందే." చప్పట్లు మోగినయి.

ఇంటిదారిలో నాకు గుబులు. "రేపు ఎవరన్న పూలు ఇప్పి చూస్తే?"

"చూడరమ్మా. చూస్తే తమది ఏ కొసనో తెలుస్తది గదా."

అడవి దారి అప్పటికే చీకటిగా ఉంది. "చూసినవా, నేను చెప్పబట్టే జల్దీ బయటపడ్డం" అన్న.

"అవ్ అమ్మా, నువ్వెట్ల చెప్తే గట్లనే" అంటూ మిగిలిన బంతిపూలు నా కొప్పులో తురిమింది.

మంచి పూలు. మీకూ ఇంట్లో ఎవరో ఒకరు పెట్టే ఉంటరు, ఓసారి తడిమి చూసుకోండి.