తాళం వేసే హక్కు

కళలకు ఇక చింత లేదని కళా వికాస శాఖ మంత్రిగారు ప్రకటించేశారు. కనుక పాఠకుల్లో ఇంకా ఎవరైనా చింతిస్తూ ఉంటే దయచేసి మానుకోవాలి. ఆ ప్రకటన వెలువడిన చోట నేను స్వయంగా ఉన్నాను. ఉండటమే కాదు, దానికి కారకుణ్ణి కూడా నేనే. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. మా వదిన రోజూ అంటున్న మాటే.

ముందు మా బృందం సంగతి చెప్పాలి. మాది ఆధునిక శాస్త్రీయ తాళవాద్య బృందం. మాలో పాడేవాళ్ళు లేరు, ఊదేవాళ్ళు లేరు, తీగ మీటేవాళ్ళు లేరు. అందరం కొట్టేవాళ్ళమే. మా వదిన నాయకురాలు. చెక్కపలకలు వరసగా పేర్చిన, మంచమంత మరింబా ఆవిడది. డ్రమ్ములు లెక్కల మాస్టారివి. ఆయన దగ్గినా లయ తప్పదు. పాత లారీ బ్రేకు డ్రమ్ములు, ఇనప గొట్టాలు, పూలకుండీలు మెకానిక్‌వి. ఇవి కూడా వాద్యాలేనా అని ఎవరైనా అడిగితే వాడు మాటల్లో జవాబు చెప్పడు, కొట్టి చూపిస్తాడు. ఇక నాది ట్రయాంగిల్. మూడు మూలల ఇనప కడ్డీ. మా వదిన రాసిన పెద్ద రచనలో నా వంతు చివర ఒకే ఒక్క దెబ్బ. దానికి ముందు చాంతాడంత విరామం. ఆ విరామమంతా లోపల లెక్కపెట్టుకుంటూ, పైకి రాయిలా నిలబడాలి.

"నీకు దెబ్బ కంటే విరామమే బాగా వచ్చు నాయనా" అంటుంది వదిన.

కళాకారుడిగా ఒక్క దెబ్బ మనిషినే కావచ్చు. కానీ ఉద్యమకారుడిగా నా మోత వేరు. చదువు మధ్యలో మానేసినా, హక్కులన్నీ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి.

మా సాధన బస్సు డిపో వెనక ఒక పాత సర్కారు గోడౌన్‌లో. ఒక గోడ చెమ్మ, ఒక కిటికీకి అద్దం లేదు. అయినా మాకది స్వర్గం. అక్కడ ఎంత మోగించినా పక్కింటివాళ్ళు రారు, ఎందుకంటే పక్కిల్లు లేదు. అలాంటి గదికి ఒకరోజు మంత్రిగారి శాఖ సెక్షన్ ఆఫీసరు వచ్చాడు. డ్రమ్ము మీద కూర్చోబోయి, మాస్టారి చూపు చూసి, లేచాడు.

"మంత్రిగారి నిలువెత్తు బొమ్మలు వానకి తడుస్తున్నాయమ్మా. వాటికి ఈ గది కావాలి. కళా వికాసం కింద."

"ఈ మరింబా మా ఇంటి మెట్లు ఎక్కదు సార్" అంది వదిన. "ఈ గది పోతే మా బృందం పోతుంది."

"కళాకారులు త్యాగాలు చెయ్యాలి. ఆ బొమ్మలు చూడండి, ఎండలో వానలో నిలబడే ఉన్నాయి. ఎప్పుడైనా ఫిర్యాదు చేశాయా?"

శుక్రవారం మంత్రిగారు గెస్ట్‌హౌస్‌కి వస్తున్నారని తెలిసింది. గేటు దగ్గర నిరసన అని నేను తీర్మానించేశాను. గుడ్డ మీద ఏం రాయాలన్న దగ్గర చర్చ వచ్చింది.

"మా గది మాకు ఉంచండి అని రాయి. సరిపోతుంది" అంది వదిన.

"అది అడుక్కోవడం వదినా!"

"అడుక్కుంటే ఏం పోయింది? గది ఉంటుంది కదా."

"హక్కు అనే మాట పడాలి. గుండెల్లో దిగాలి."

"పడాల్సిందే అన్నా" అన్నాడు మెకానిక్. వాడికి ఏది పడినా ఇష్టమే.

అక్కడికక్కడే నాకు మెరుపులా తట్టింది. ఎర్ర రంగుతో రాశాను: తాళం వేసే హక్కు మాది! మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఏదో అనబోయారు. నేను ఆయన్ని మితవాది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసేసి జేబులో పెట్టుకున్నారు.

శుక్రవారం గేటు దగ్గర నేను "తాళం!" అంటే, మిగతావాళ్ళు "వేస్తాం!" అన్నారు. లయ అద్భుతంగా కుదిరింది. మంత్రిగారి కారు ఆగింది. అద్దం దిగింది. మంత్రిగారికి గొప్ప చెవి ఉందని వినడమే గానీ అంత దగ్గరగా ఆ రోజే చూశాను.

"ఏంటయ్యా వీళ్ళ గొడవ?"

"గది గురించి సార్" అన్నాడు సెక్షన్ ఆఫీసరు. "తాళం వేసే హక్కు తమదే అంటున్నారు."

"ఏ గది?"

"తమరి బొమ్మలకి కేటాయించింది సార్."

"దానికి వీళ్ళే తాళం వేస్తామంటున్నారా?"

"పట్టుబడుతున్నారు సార్."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "చూశావటయ్యా! మిగతా చోట్ల గది ఖాళీ చేయించాలంటే పోలీసుల్ని పంపాలి. ఇక్కడ వీళ్ళే ఎండలో నిలబడి, తాళం మేమే వేస్తాం అంటున్నారు. ఇచ్చెయ్ హక్కు! నేనే వచ్చి దగ్గరుండి వేయిస్తా."

నేను కారు కిటికీ దగ్గరికి ఉరికాను. "అయ్యా! తాళం అంటే లయ అండి! వాయించే తాళం!"

"తెలుసయ్యా. లయబద్ధంగానే వెయ్యండి. ప్రోగ్రాం కూడా పెట్టండి" అన్నారు మంత్రిగారు. అద్దం పైకి వెళ్ళింది. సాయంత్రానికి ప్రెస్ నోట్ వచ్చేసింది: కళాకారులు కోరిన హక్కును కోరిన రోజే ఇచ్చిన ప్రభుత్వం, కళలకు ఇక చింత లేదు.

మర్నాడు ఆఫీసుకు పరిగెత్తాను.

"మంత్రిగారు పొరపాటు పడ్డారంటారా?" అన్నాడు సెక్షన్ ఆఫీసరు, పెన్ను మూత తీసి.

పెన్ను చూశాక, "అబ్బే, లేదండి" అన్నాను.

"పోనీ మీ ఉద్యమం పొరపాటు పడిందా?"

నా ఉద్యమం పొరపాటు పడటమా! "ఎంత మాట! లేదండి."

"మరింకేం? ఇద్దరూ కరెక్టే. టీ తాగి వెళ్ళండి."

టీ బాగుంది.

ఆ రాత్రి వదిన నన్ను తిట్టలేదు. అందుకే భయం వేసింది. అన్నం వడ్డిస్తూ అంది: "మన రచన చివర్లో ఒక్కొక్కళ్ళం కర్రలు పెట్టేసి బయటికి నడుస్తాం. తర్వాత నిశ్శబ్దం. తర్వాత గుమ్మం దగ్గర నీ దెబ్బ. ఈసారి దెబ్బ వద్దు. గుమ్మానికి అడ్డంగా కూర్చో. పేపరువాళ్ళ ముందు నిన్ను లాగెయ్యలేరు. ఈ ఒక్కటీ చెయ్యి నాయనా."

"ప్రాణం పోయినా లేవను" అన్నాను. ఆ మాట నేను అంతకుముందు కూడా చాలా చోట్ల అని ఉన్నాను.

ప్రోగ్రాం రోజు గోడౌన్ ముందు షామియానా, కుర్చీలు, కెమెరాలు. తలుపు బార్లా తెరిచి లోపల మావాళ్ళు వాయించారు. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. చివరి భాగం వచ్చింది. మెకానిక్ సుత్తి కింద పెట్టి బయటికి నడిచాడు. మాస్టారు నడిచారు. వదిన మరింబా మీద కర్రలు పెట్టి, ఒకసారి పలకల మీద చెయ్యి ఆనించి, నడిచింది. నా విరామం మొదలైంది.

"ఆహా, ఎంత క్రమశిక్షణ! చెప్పకుండానే ఖాళీ చేస్తున్నారు!" అన్నారు మంత్రిగారు మైకులో.

వదిన నా వైపు చూసింది. కూర్చోమని కళ్ళతో చెప్పింది. నేను లెక్కలో ఉన్నాను. పాఠకులు గమనించాలి, విరామంలో ఉన్న కళాకారుడు కదలకూడదు. అది శాస్త్రం. బొమ్మల్ని లోపల పెట్టారు. నేను లెక్కలో ఉన్నాను. తలుపు మూశారు. నేను లెక్కలో ఉన్నాను. మంత్రిగారు చిరునవ్వుతో నా చేతిలోంచి ట్రయాంగిల్ తీసుకుని, దాని స్థానంలో పెద్ద ఇత్తడి తాళం పెట్టారు.

"కానీవయ్యా. నీ హక్కు."

అప్పుడే లెక్క పూర్తయింది. ఇన్నేళ్ళ సాధన ఊరికే పోదు. చెయ్యి దానంతటదే లేచింది.

టక్.

"సరిగ్గా పడింది" అని మాస్టారు నోరు జారారు. చప్పట్లు మోగిపోయాయి. తాళంచెవి పోతుందేమోనని మంత్రిగారు తన జేబులోనే భద్రం చేసుకున్నారు.

అది మొదలు నాకు తీరిక లేదు. నా టైమింగ్ ప్రభుత్వానికి నచ్చింది. తాళాధికారి అని హోదా ఇచ్చారు, గుర్తింపు కార్డు ఇచ్చారు. పోయిన వారం గ్రంథాలయం. మొన్న ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఒక వార్డు. ఎక్కడికి వెళ్ళినా ముందు విరామం పాటిస్తాను, తర్వాత ఒక్క దెబ్బ. ఎక్కడా లయ తప్పలేదు.

నిన్న అటుగా వెళ్తే గోడౌన్ కిటికీ దగ్గర వదిన నిలబడి ఉంది. అద్దం లేని చోట ఇప్పుడు ఊచలు బిగించారు. నేనూ తొంగిచూశాను. మరింబా వెనక నిలువెత్తు మంత్రిగారు నిలబడి నవ్వుతున్నారు. అచ్చం కచేరీ మొదలుపెట్టబోతున్నట్టే ఉన్నారు.

"అధికారివి కదా నాయనా" అంది వదిన, కిటికీ మీంచి కళ్ళు తిప్పకుండా. "ఒక్కసారి తియ్యి. నా కర్రలన్నా తెచ్చుకుంటాను."

కార్డు తీసి చూపించాను. ఓపిగ్గా వివరించాను.

"తాళం మాత్రమే నాది వదినా. చెవి మంత్రిగారిది."