మూతి కనబడని చోట

మీ దగ్గర దాచేదేముంది, నా పరువు పోవాల్సిన చోట ఎప్పుడో పోయింది. నిండుగా ఉన్న సినిమా హాల్లో, పిల్లాజెల్లా అందరి ముందూ పోయింది. మిగిలిన కాస్తా మీకు చెప్పి వదిలించుకుంటాను.

నా పని డబ్బింగు చెప్పడం. పరాయి భాష సినిమాల్లో ముసలాళ్ళకి, దెయ్యాలకి, మాట్లాడే జంతువులకి గొంతు నాది. హీరోలకి పనికిరాదట. "ఇంట్లో కూడా ఎవరికీ పనికిరావడం లేదు లెండి" అంటుంది మా ఆవిడ.

పిల్లలు పిచ్చెక్కి చదివే పుస్తకాల వరస ఒకటుంది. అందులో పొగమంచు రాజ్యం, దారి తప్పిన అన్నాచెల్లెళ్ళు, వాళ్ళని వీపు మీద మోసుకుతిరిగే వెయ్యేళ్ళ తాబేలు తాత. మొదటి పుస్తకం సినిమాగా వచ్చినప్పుడు తాబేలుకి గొంతిచ్చింది నేనే. ఎలా మాట్లాడాలో తోచక మా నాన్నని దించేశాను. మాటకి ముందు దగ్గూ, మాట చివర "చూద్దాంలే" అనే సాగతీతా అన్నీ ఆయనవే.

మా నాన్న ఆ సినిమా చూసి, "ఆ తాబేలెవరో గానీ దగ్గుకి మందేసుకుంటే బాగుండును" అన్నాడు. పక్క సీట్లో మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత తాతా మనవరాలూ ఇంట్లో తాబేళ్ళలాగే నడిచేవారు. రోజూ బడి బస్సు తప్పిపోయేది.

మా అమ్మాయిని మేం "ఎందుకమ్మ" అంటాం. నోరు తెరిస్తే వచ్చే మాట అదొక్కటే.

రెండో భాగం వచ్చేలోపు మా నాన్న పోయాడు. ఆస్పత్రిలో, ఒక సాయంత్రం. నన్ను దగ్గరికి రమ్మని, "ఏరా, పోతున్నానా?" అని అడిగాడు.

"అబ్బే, అదేం లేదు నాన్నా. కాస్త నిద్రపో."

ఆయన ఒక కన్ను తెరిచాడు. "నాకే డబ్బింగు చెప్తున్నావట్రా" అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

ఇంటికొచ్చి అమ్మాయికి కూడా అదే చెప్పాను. "తాతయ్య నిద్రపోతున్నాడమ్మా."

"ఎందుకు?"

"అలిసిపోయాడు."

"ఎప్పుడు లేస్తాడు?"

"చూద్దాంలే."

అంతే, మర్నాటి నుంచి పిల్ల నిద్రపోవడం మానేసింది. రెప్పలు వాలిపోతుంటే వేళ్ళతో తెరిచి పట్టుకునేది. నిద్రపోతే తననీ ఎత్తుకెళ్ళిపోతారని దాని భయం. నేను కాస్త కునుకు తీస్తే చాలు, వచ్చి ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఒకసారి తొందరలో వేలు ముక్కులోకే పోయింది. అయినా నాకు నవ్వు రాలేదు.

"నిజం చెప్పేయండి దానికి" అంది మా ఆవిడ.

"చిన్నపిల్ల, తట్టుకోలేదు."

"తట్టుకోలేనిది అదా, మీరా? మీరు ఇంతవరకూ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు."

"నాకేం? రాయిలా ఉన్నాను."

"అదే నా భయం."

చెప్పులేసుకుని బయటికి నడిచాను. వీధి చివరి దాకా వెళ్ళాక చూస్తే అవి ఆవిడ చెప్పులు.

సరిగ్గా అప్పుడే రెండో భాగానికి స్టూడియో నుంచి పిలుపొచ్చింది. మాటల కాగితాలు తిరగేస్తూ ఒక చోట ఆగిపోయాను. తాబేలు తాత చచ్చిపోతాడు! పిల్లల్ని నది దాటించి, ఒడ్డున తల డిప్పలోకి లాక్కుని, "నేను పోతున్నాను. దారి మీకు తెలుసు" అంటాడు. వాళ్ళు గొయ్యి తవ్వి పాతిపెడతారు.

అంటే మా నాన్న గొంతుతో "నేను పోతున్నాను" అన్న మాట మా అమ్మాయి వినాలి. ఇంకేమైనా ఉందా? పోనీ సినిమాకి తీసుకెళ్ళనంటే ఇల్లు పీకి పందిరేస్తుంది.

స్టూడియోలో రికార్డింగు మీటల దగ్గర కూర్చునేది మా బావమరిదే. వాణ్ణి పక్కకి పిలిచాను.

"ఒరేయ్, ఆ సీన్లో తాబేలు మూతి కనబడుతుందా?"

"తల డిప్పలో ఉంటే మూతెక్కడ బావా?"

"అయితే ఏం చెప్పినా అతుకుతుందిగా?"

మా పనిలో దొరికే స్వేచ్ఛ అదొక్కటే. మూతి కనబడితే పెదాల కదలికకి మాట అతకాలి. కనబడకపోతే మనదే రాజ్యం. వీపు తిప్పిన విలన్ల చేతా, ముసుగేసుకున్న రాక్షసుల చేతా మేం ఎన్ని సొంత పైత్యాలు పలికించామో లెక్కలేదు. ఈ సూత్రాన్ని ఇంట్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పానో మా ఆవిణ్ణి అడగండి.

మా మాటలు సరిచూసే పెద్దమనిషిని తొందర్రాజు అంటాం. రిలీజు తేదీ ఆయన మెడ మీద కూర్చుని ఉంది. ఫోన్లో ఎవర్నో తిట్టడానికి ఆయన వరండాలోకి వెళ్ళిన అదను చూసి మైకు ముందు దగ్గాను. "నేను చావడం లేదర్రా. కాస్త నిద్రపోతున్నాను. పొద్దున్నే లేస్తాగా, చూద్దాంలే."

"బావా, తర్వాత పాతిపెడతారు కదా?" అన్నాడు వాడు అద్దం అవతలి నుంచి.

"నా మాటల వరకే నా పూచీ. మట్టి సంగతి నాకెందుకు?"

"పోనీ అక్కకి చెప్పనా?"

"చెప్పావంటే నిన్ను పాతిపెడతా."

తొందర్రాజు తిరిగొచ్చి, "అయిందా?" అన్నాడు. "అద్భుతం సార్" అన్నాడు మా బావమరిది. "సరే పదండి, రాక్షసుల గుంపు మిగిలిపోయింది" అన్నాడాయన. ఆ గుంపు కూడా నేనే. మొత్తం కలిపి మళ్ళీ ఒకసారి వినే తీరిక ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రకటించాను. "ఎందుకమ్మా, తాబేలు తాతకి ఏమీ కాదు. నా మాట నమ్ము, గొంతు నాదేగా!"

కొద్ది రోజుల్లో పిల్ల హాయిగా నిద్రపోవడం మొదలెట్టింది. నన్ను చూసినప్పుడల్లా అదోలా, జాలిగా చూసేది. ప్రేమ అనుకున్నాను.

"చూశావా? ఒక్క మాటతో దారికొచ్చింది. పిల్లల మనసు తెలియాలోయ్" అన్నాను మీసం మెలేస్తూ.

"అవునవును, మీకు తెలియని మనసా" అంది మా ఆవిడ కూరగాయలు తరుగుతూ. కత్తి చప్పుడు మాత్రం కాస్త పెరిగింది.

విడుదల రోజు మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. హాలు నిండా పిల్లలే. తాబేలు టోపీలు, తాబేలు బొమ్మలు. తెర మీద తాత నది దాటాడు, ఒడ్డుకొచ్చి తల లోపలికి లాక్కున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. చీకట్లో మా నాన్న దగ్గాడు. "నేను చావడం లేదర్రా..."

పిల్లలంతా హమ్మయ్య అనుకున్నారు. నేను కాలు మీద కాలేసుకున్నాను.

తెర మీద అన్నాచెల్లెళ్ళు బావురుమన్నారు. పారలందుకున్నారు. తవ్వడం మొదలెట్టారు.

"అమ్మా, నిద్రపోతున్నాడుగా, గొయ్యెందుకు తవ్వుతున్నారు?" అని ముందు వరసలో ఎవరో అడిగారు.

"లేపండి! తాతని లేపండి!" అని ఇంకొకరు అరిచారు.

మొదటి పార మట్టి పడేసరికి హాలు మొత్తం లేచి నిలబడింది. "పాతొద్దు! బతికే ఉన్నాడు!" ఒకడు తెర మీదికి చెప్పు విసిరాడు. ఒక పాప వెక్కి వెక్కి ఊపిరందక మొహం నల్లబడిపోతే వాళ్ళమ్మ వీపు రుద్దుతోంది. ఒక తండ్రి టార్చిలైటు మనిషి కాలరు పట్టుకుని, "పిల్లల సినిమా అన్నారు, ప్రాణంతో పూడ్చిపెట్టడమేంటయ్యా!" అని ఊపేస్తున్నాడు. తెర మీద వాళ్ళు మాత్రం చల్లగా పూలు జల్లుతున్నారు. మా ఒక్క పిల్లకి ఏ భయం ఉండకూడదనుకున్నానో దాన్నే హాలు మొత్తానికి పంచిపెట్టాను.

నేను సీట్లోంచి కిందికి జారి, తల చొక్కాలోకి లాక్కున్నాను.

అప్పుడు మా అమ్మాయి సీటెక్కి నిలబడింది.

"ఆగండర్రా! తాత నిజంగానే చచ్చిపోయాడు. పుస్తకంలో ఉంది. నిద్రపోతే లేస్తారు, చచ్చిపోతే లేవరు. మట్టేసినా ఇంక నొప్పి తెలీదు. నిద్రపోతున్నానని చెప్పింది తాత కాదు, మా నాన్న. ఇదుగో, ఈయనే!" అంటూ వేలు సూటిగా నా ముక్కు మీద పెట్టింది.

హాలంతా నా వైపు తిరిగింది. అరుపులు ఆగిపోయాయి. చచ్చిపోయాడని తెలిశాక పిల్లలు కుదుటపడ్డారు, మీరే చెప్పండి ఇదేం లోకమో. కూర్చుని, బొమ్మల్ని పట్టుకుని, మామూలుగా ఏడ్చుకున్నారు. చెప్పు విసిరినవాడు మాత్రం రెండోది నా కోసం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆట అయ్యాక వరండాలో మా ఆవిణ్ణి నిలదీశాను. "దీనికి పుస్తకం సంగతి ఎలా తెలుసు?"

"నేనే చదివి వినిపించాను. మీ డిప్ప కథ మా తమ్ముడు ఆ రోజే చెప్పేశాడు. వాడి కడుపులో మాట ఎప్పుడు దాగింది కనక? మీరింక నిజం చెప్పరని తేలిపోయింది. తాబేలు పోయే చోట పుస్తకం ఆపి, మావయ్యగారి సంగతీ చెప్పేశాను. రోజంతా ఏడ్చింది. తర్వాత నిద్రపోయింది."

మీసం మీదికెళ్ళిన చెయ్యి దించుకున్నాను. "మరి నన్నెందుకు ఆపలేదు?"

"ఒక్క మాటే కదా, మీకదో తృప్తి అనుకున్నా. ప్రాణంతో పూడుస్తారని వాడు చెప్పలేదు, వెధవ."

అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వయినా చెప్పొచ్చుగా?"

"నువ్వు తట్టుకోలేవంది అమ్మ."

ఇంతలో ఫోను మోగింది. తొందర్రాజు. ఆయన అరుపు వరండా అంతా వినబడుతోంది. మా ఆవిడ ఫోను లాక్కుని, "వస్తారండీ, రేపు పొద్దున్నే వస్తారు. ఈసారి సరిగ్గా చంపుతారు" అని పెట్టేసింది.

తిరుగు బస్సులో అమ్మాయి నన్ను గిల్లింది. "నాన్నా, తాబేలు తాత అసలు మాట చెప్పు."

"రేపు చెప్తాగా."

"ఇప్పుడు చెప్పు."

"ఎందుకు?" అన్నాను. దాని మాట దానికే నేను తిప్పి అడగడం అదే మొదలు.

"ప్రాక్టీసు."

దగ్గాను. అది మా నాన్న దగ్గే. "నేను పోతున్నాను" అన్నాను. తర్వాతి మాట రాలేదు. మా నాన్న ఇక లేడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి చూస్తుండగా, బస్సు మధ్యలో భోరుమన్నాను.

"దారి మీకు తెలుసు" అని మిగతా సగం మా అమ్మాయే చెప్పింది, నా భుజం తడుతూ, అచ్చం వాళ్ళ తాతలా సాగదీసి. చివర్లో "చూద్దాంలే" కూడా కలిపింది. పుస్తకంలో అది లేదు.

"కిటికీలోంచి దుమ్మొచ్చి కంట్లో పడింది" అన్నాను మొహం తుడుచుకుంటూ.

"మూతి కనబడుతోందండీ" అంది మా ఆవిడ జేబురుమాలు చేతిలో పెడుతూ. "మాట అతకలేదు."