మైకు మాస్టారు నోరు మూసుకున్న రోజు

ఆ ఉదయం మైకు మాస్టారి పథకం చాలా చిన్నది: నోరు విప్పకుండా ఉండటం. చిన్న విమానాలు నడపడం నేర్పే క్లబ్బులో ఇరవై ఏళ్లుగా ఆయన చేస్తున్నది నోరు విప్పడమొక్కటే కాబట్టి, అదంత తేలిక కాదు. ఆయన కేకలకి తన చెవులు గింగురుమనేవని ఒక పాత శిష్యుడు, ఇప్పుడు అదే క్లబ్బులో నేర్పుతున్నవాడు, పైవాళ్లకి ఉత్తరం రాశాడు. ఇవాళ పరీక్షాధికారి వెనక సీట్లో కూర్చుని చూస్తాడు. ఒక్క కేక వినబడితే నేర్పే లైసెన్సు ఊడుతుంది.

"నోట్లో ఏదైనా ఉంటేనే మీరు ఊరుకుంటారు," అంటూ భార్య దగ్గుబిళ్లల డబ్బా ఆయన జేబులో పెట్టింది. "విమానం దిగేదాకా మింగకండి." ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకి పనిచేసిన ఉపాయం అదొక్కటే.

ఆనాటి శిష్యురాలు పళ్ల డాక్టరమ్మ. చక్కగానే నడుపుతుంది గానీ, వేగం మాత్రం మాస్టారి గొంతును బట్టి చూసుకుంటుంది. దిగేటప్పుడు వేగం అరవై అయిదు దాటితే ఆయన "ముక్కు" అని అరుస్తాడు. ఆమె విమానం ముక్కు కాస్త పైకెత్తుతుంది, వేగం తగ్గుతుంది. ఎదురుగా వేగం చూపే ముల్లు ఒకటుందని ఆమెకి తెలుసు, దానివంక చూసే అవసరమే ఎప్పుడూ రాలేదు. తను నేర్పిన విద్య ఇదని మాస్టారికి ఆ రోజుదాకా తెలియదు.

మొదటిసారి దిగబోతుంటే ముల్లు ఎనభై మీద ఉంది. మాస్టారు బిళ్లని దవడలో నొక్కిపెట్టి ఊరుకున్నాడు. కేక లేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంది డాక్టరమ్మ. విమానం నేలని తాకకుండా రన్‌వే పొడుగునా తేలుతూ పోయింది. చివర చెట్లు కనబడ్డాక ఆమె మళ్లీ పైకి లేపింది. రెండోసారీ అంతే.

ఈసారి ఆమె పక్కకి తిరిగి చూసింది. మాస్టారి మొహం ఎర్రబడింది, చెమటలు కారుతున్నాయి, ఒక దవడ పొంగి ఉంది. డాక్టరు కదా, అనుమానం వెంటనే వచ్చింది.

"సార్, ఓసారి నవ్వండి," అంది.

అధికారి చూస్తున్నాడని మాస్టారు ఓపిగ్గా నవ్వాడు. బిళ్ల ఉన్న వైపు నవ్వు రాలేదు.

"ఏదైనా ఒక మాట అనండి సార్."

"నాకేం కాలేదు," అన్నాడాయన. బిళ్ల అడ్డంపడి ఆ మాట ముద్దముద్దగా బయటికొచ్చింది.

వెనక అధికారి ఇదేదో కొత్త బోధనా పద్ధతనుకుని రెండు ముక్కలు రాసుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం మాస్టారికి పక్షవాతం వచ్చిందని రేడియోలో టవర్‌కి చెప్పేసింది. టవర్ వాళ్లు ఫైరింజన్నీ అంబులెన్సునీ పిలిచి, పనిలో పనిగా మాస్టారి భార్యకీ ఫోన్ చేశారు. పైనుంచి ఎర్రబండిని చూడగానే మాస్టారికి తన పని అయిపోయిందనిపించింది. లైసెన్సు పోయినట్టే. బిళ్ల గుటుక్కున మింగి, తను నిక్షేపంగా ఉన్నానని చూపించడానికి విమానం తన చేతిలోకి తీసుకున్నాడు.

ఇక్కడొక చిన్న సంగతి. మాస్టారు తన చేత్తో విమానం దింపి నాలుగేళ్లయింది. దింపిందంతా నోటితోనే. కంగారులో ఎనభై అయిదు మీద వచ్చి నేలకి కొట్టాడు. విమానం బంతిలా లేచింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ లేచింది. అప్పుడు డాక్టరమ్మ మొట్టమొదటిసారి ముల్లు చూసింది. చూసి, అచ్చు ఆయన ఫక్కీలోనే అరిచింది.

"ముక్కు! ముక్కండీ బాబూ! ఆ ముల్లు చూడరేం?"

మాస్టారు మారుమాటాడకుండా చెప్పినట్టు చేశాడు. విమానం మెత్తగా నేలమీద కూర్చుంది. అంబులెన్సు పక్కనే రొప్పుతూ నిలబడ్డ భార్య ఆయన్ని ఎగాదిగా చూసి, "మింగేశారా?" అని మాత్రం అడిగింది.

మాస్టారి కేక ఒక్కటీ వినబడలేదు కాబట్టి అధికారి ఫిర్యాదు కొట్టేశాడు. లైసెన్సు నిలిచింది. కాకపోతే విమానం దింపడం ఆయనకి రాదు కాబట్టి, పది గంటలు మళ్లీ నేర్చుకోమన్నాడు. ఆ వారం ఖాళీగా ఉన్న మాస్టారు ఒక్కడే, ఉత్తరం రాసిన ఆ పాత శిష్యుడు. అతను నేర్పడం ఎవర్ని చూసి నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

మొదటి గంట పూర్తయి ఇంటికొచ్చాక, మైకు మాస్టారు చెవులు రుద్దుకుంటూ, ఫిర్యాదు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో భార్యని అడిగాడు.