మూడో నంబరు చెరువులో బడి

బడి ఎక్కడుందనేది బడి చెప్పకూడదు. ఊరు చెప్పకూడదు. అందులో చదువుకున్న ముసలాళ్ళు అసలే చెప్పకూడదు. యాప్ చెప్పాలి. సూర్యుడు తూర్పున పొడుస్తాడనేది ఎంత నిజమో, ఇదీ అంత నిజం. (రేపు సూర్యుణ్ణి కూడా యాప్‌లో ఎక్కిస్తే, అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం.)

ఈ సత్యం కృత్తివెన్ను అవతల ఉప్పుదిబ్బ అనే ఊళ్ళో, శ్రీలేఖ అనే ట్రైనీ టీచరమ్మకి తెలిసొచ్చింది. ఎట్టా తెలిసొచ్చిందో వినండి.

శ్రీలేఖది పమిడిముక్కల పక్క. వరిచేల పిల్ల. టీచరవ్వాలని చిన్నప్పట్నించీ ఎంత పిచ్చంటే, ఇంట్లో గేదెదూడకి రెండో ఎక్కం దాకా నేర్పింది. (మూడో ఎక్కం దగ్గర దూడ మొండికేసింది.) ఇప్పుడు బందరులో టీచర్ ట్రైనింగు ఆఖరేడు. చివర్లో ఏదో ఒక బళ్ళో కొన్నాళ్ళు పాఠాలు చెప్పిరావాలి. వాటిలో ఒకటి డిజిటల్ పాఠం అయి తీరాలి. పెద్ద తెర మీద పిల్లలు వేళ్ళు పెట్టి నేర్చుకుంటుంటే వీడియో తీసి, బళ్ళోనే నిలబడి, ‘బడిచూపు’ అనే యాప్‌లో ఎక్కించాలి. ఎక్కితే పాసు. ఎక్కకపోతే ఏడాదంతా మళ్ళీ మొదట్నించీ.

ఏడాదే కదా అనుకోకండి. టీచరు పోస్టుల పరీక్ష, అదే డీఎస్సీ, తోకచుక్కలాంటిది. ఎప్పుడొచ్చిద్దో పంచాంగాలకే తెలీదు. వచ్చినప్పుడు చేతిలో సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే మళ్ళీ వచ్చేసరికి మనకి మనవలుంటారు. ఈసారి వచ్చేస్తోందని బందరంతా పుకారు.

బందరు కాలేజీలో డిజిటల్ శిక్షణ ఘనంగా జరిగింది. ప్యానెల్, అదే ఆ పెద్ద తెర, స్టోరు రూములో ఉంది. తాళం, దాన్ని పెట్టుకున్నాయనతో పాటు సెలవులో ఉంది. అందుకని ప్యానెల్ బొమ్మ జిరాక్సు తీసి తలా ఒకటి పంచారు. దాని మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి లాగమన్నారు. అందరూ లాగారు. కాగితం చిరిగినవాళ్ళని “టచ్ మరీ ఎక్కువైందమ్మా” అని మందలించారు. ఈ శిక్షణ ఇచ్చింది డిజిటల్ బోధనోపకరణాల వినియోగ ప్రోత్సాహక పర్యవేక్షణాధికారి జగన్మోహనరావు గారు. (ఆయన హోదా పలికేసరికి సగం పీరియడ్ అయిపోయేది. మిగతా సగంలో సన్మానం.)

అట్టా నేర్చుకుని శ్రీలేఖ ఉప్పుదిబ్బలో బస్సు దిగింది.

ఊరికి మూడు పక్కలా రొయ్యల చెరువులు, నాలుగో పక్క సముద్రం. మధ్యలో బడి. హెడ్మాస్టారు వెంకటాద్రి గారు మంచి మనిషి. ప్యానెల్‌ని తన గదిలోనే పెట్టుకున్నాడు. దానికి దుప్పటి కప్పి, దుప్పటికి బొట్టు పెట్టి, పైన నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి ఉన్నాయి.

“మాస్టారండీ, ఇది వాడొచ్చాండీ?” అంది శ్రీలేఖ.

“వాడకపోతే ఎట్టా అమ్మాయ్? వాడమనే ఇచ్చారు. వాడటానికి పర్మిషన్ ఉంది. పగిలితే మాత్రం ఆ పర్మిషన్ లేనట్టే.”

మధ్యాహ్న భోజనం వండే పెద్దింట్లమ్మ వాకిట్లోంచే అందుకుంది. “ఆయన దాన్ని ముట్టుకోనిచ్చేసరికి పిల్లలకి మీసాలొస్తాయమ్మాయిగారూ. దసరాకి హారతి మాత్రం ఇస్తాడు.”

శ్రీలేఖ బతిమాలింది. మాస్టారు నిమ్మకాయలు విప్పాడు. స్విచ్చి వేశారు. ఏమీ కాలేదు. కరెంటు లేదు. ఆ ఊళ్ళో కరెంటుకి మంచి క్రమశిక్షణ ఉంది. బడి గంట కొట్టగానే వెళ్ళిపోయిద్ది, ఇంటి గంట కొట్టగానే వచ్చేసిద్ది.

కానీ కిటికీలోంచి చూస్తే, గట్టవతల రొయ్యల ఆసామి కాంతారావు గారి మూడో నంబరు చెరువులో ఏరేటర్లు నీళ్ళని చిలుకుతూ గిరగిరా తిరుగుతున్నాయి. శ్రీలేఖ చరచరా గట్టు మీదికెళ్ళింది. చెరువు కాపలా కోటయ్య తన మకాం షెడ్డు ముందు మేత బస్తాలు సర్దుతున్నాడు.

“కోటయ్యగారూ, బళ్ళో కరెంటు లేదు. ఇక్కడెట్టా ఉందండీ?”

“రొయ్యలు కదా తల్లీ. ఏరేటరు ఆగితే వాటికి గాలాడదు. గంటలో అన్నీ పైకి తేలిపోతాయి. అందుకే వాటికి వేరే లైను. లైను పోతే జనరేటరు. జనరేటరు పోతే ఇంకో జనరేటరు.”

“మరి పిల్లలకో?”

కోటయ్య పాపం నిజాయితీగా ఆలోచించాడు. “పిల్లలు తేలరు కదమ్మా” అన్నాడు.

సరే, కరెంటు సంగతి తర్వాత, ముందు హాజరు పడాలని శ్రీలేఖ బళ్ళోకొచ్చి యాప్ తెరిచింది. నల్లబోర్డు ముందు నిలబడి, ఫోన్ వైపు చూసి నవ్వింది. ‘మీరు బడిలో లేరు. దయచేసి బడికి వెళ్ళండి’ అంది యాప్. ఒక బాణం గుర్తు కూడా చూపించింది. బాణం ప్రకారం గుమ్మం దాటింది. వాకిలి దాటింది. గట్టు ఎక్కింది. ‘ఇంకా వెళ్ళండి.’ చెరువు అంచుకొచ్చింది. ‘బడి దగ్గరలోనే ఉంది.’ ఇంకో అడుగేస్తే మెడలోతు నీళ్ళు.

తలెత్తి చూస్తే నడి చెరువులో, మేత చల్లే తెప్ప మీద వెంకటాద్రి మాస్టారు! నున్నగా తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఫోన్ వైపు చూసి నవ్వుతున్నాడు. ఫోను టింగుమంది. ఆయన నవ్వు ఆపేసి తాడు పట్టుకుని తెప్పని గట్టుకి లాక్కొచ్చాడు.

“మాస్టారండీ, ఏంటండీ ఇది!”

“హాజరమ్మాయ్. బళ్ళన్నీ యాప్‌లో ఎక్కించడానికి ఒకాయనొచ్చాడు. అప్పట్లో బడి దగ్గర సిగ్నల్ లేదు. తెప్ప మీద ఉందంటే ఎక్కి, నడి చెరువులో నొక్కాడు. ఆనాటి నుంచీ బడి అక్కడే.”

“నాకు ముందే చెప్పొచ్చుగదండీ?”

“వచ్చిన రోజే చెరువులో దిగమంటే నువ్వు బస్సెక్కేస్తావేమోనని.”

(ఒకరోజు మాస్టారు రాకముందే తెప్ప మీద వాలిన కొంగకి హాజరు పడిందని ఊళ్ళో ఓ మాటుంది. అది నిజమే. దానికి ఇంక్రిమెంటు కూడా వచ్చిందనేది మాత్రం గిట్టనివాళ్ళ ప్రచారం.)

తప్పు దిద్దించడానికి దారి లేదా అంటే, ఎందుకు లేదు? యాప్‌లోనే ‘బడి స్థలం సవరణ’ అని ఒక మీట ఉంది. శ్రీలేఖ బళ్ళోంచి నొక్కింది. ‘బడిలో లేనివారికి బడి స్థలం మార్చే అధికారం లేదు’ అంది. తెప్పెక్కి నడి చెరువులోకి వెళ్ళి నొక్కింది. ‘మీరు సరైన స్థలంలోనే ఉన్నారు. సవరణ అవసరం లేదు. ధన్యవాదాలు’ అంది. యాప్‌కి మర్యాద బాగా తెలుసు.

పాఠం ఎక్కించడానికి గడువు దగ్గరకొచ్చేసింది. ఆ రాత్రి శ్రీలేఖకి కలలో డీఎస్సీ పడవెక్కి సముద్రంలోకి వెళ్ళిపోతూ టాటా చెప్పింది. తెల్లారి లేచి తేల్చేసింది. “మాస్టారండీ, బడి ఎట్టాగూ మన దగ్గరికి రాదు. మనమే బడికి పోదాం.”

అలా బయల్దేరింది ఊరేగింపు. రిక్షా బండి మీద ప్యానెల్, దాన్ని పసిపిల్లలా పట్టుకుని మాస్టారు, పక్కనే హారతి పళ్ళెంతో పెద్దింట్లమ్మ, వెనకాల పిల్లలు. గట్టు మొదట్లో కోటయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“రూలు రూలే. రొయ్యలకి జబ్బు చేసిద్ది. అందరూ పర్మాంగనేటు నీళ్ళలో కాళ్ళు ముంచి రావాలి.”

“బళ్ళో చేతులు కడుక్కోడానికి సబ్బుముక్క లేదు గానీ, రొయ్యలకి ఇంత వైభోగమా?” అంది పెద్దింట్లమ్మ.

“సబ్బు అడగాలంటే రొయ్యలు నోరు తెరవవు కదక్కా. అందుకే మేమే చూసుకుంటాం” అన్నాడు కోటయ్య. పిల్లలందరి కాళ్ళూ వంకాయరంగుకి తిరిగాయి.

ప్యానెల్ మకాంలో పెట్టారు. కరెంటు అక్కడ పుష్కలంగా ఉంది. ఫోన్ పట్టుకుని మాస్టారు తెప్ప మీద నడి చెరువులోకి, అంటే బళ్ళోకి, వెళ్ళి వీడియో మొదలుపెట్టాడు. (ఎక్కించే ఫోను బళ్ళో ఉండాలని రూలు. పిల్లలు బళ్ళో ఉండాలని రూల్లో ఎక్కడా లేదు.)

తెర వెలిగింది. పిల్లలు ఒక్కసారిగా “అబ్బో!” అన్నారు. ప్యానెల్ తియ్యటి గొంతుతో అడిగింది: “ముప్పై, వంద. వీటిలో పెద్దది ఏది? వేలు పెట్టండి.”

అయ్యప్ప అనే రెండో తరగతి బుడ్డాడు ఉరికొచ్చి ముప్పై మీద వేలు పెట్టాడు.

“తప్పు. మళ్ళీ ప్రయత్నించండి” అంది తెర.

ఇంకో పిల్లొచ్చి ముప్పై నొక్కింది. తప్పు. ఇంకోడు. ముప్పై. తప్పు. తరగతి తరగతంతా ముప్పయ్యే. శ్రీలేఖ గుండె చెరువులో పడింది.

“ఒరేయ్ అయ్యప్పా, వంద పెద్దది కదరా?”

“ఊరుకోండి టీచర్, వంద కౌంటంటే ఇంత చిన్న రొయ్యండీ! కిలోకి వంద తూగుద్ది. ముప్పై కౌంటంటే చెయ్యంత ఉంటది. ఈ టీవీకి రొయ్యలు తెలీదండీ.”

“టీవీది మనూరు కాదు టీచర్” అని ఇంకో పిల్ల సర్దిచెప్పింది.

బందరు శిక్షణలో ఇట్టాంటిది జరిగితే ఏం చెయ్యాలో చెప్పలేదు. జిరాక్సు ఎదురు ప్రశ్న వెయ్యదు కదా. శ్రీలేఖ మేత బస్తా మీద కూర్చుని అడిగింది. “సరేరా, అయ్యప్ప చెప్పింది నిజమే. రెండు బుట్టలున్నాయి. ఒకదాన్లో ముప్పై రొయ్యలు, ఇంకోదాన్లో వంద. తోకలు పట్టుకుని ఒక్కోటీ లెక్కపెట్టాలి. ఏ బుట్టకి ఎక్కువసేపు పట్టుద్ది?”

“వందకండీ!” అని చెరువు దద్దరిల్లేట్టు అరిచారు. “వంద లెక్కపెట్టేసరికి అన్నం టైమైపోద్దండీ!”

అయ్యప్ప వెళ్ళి వంద మీద వేలు పెట్టాడు. తెర చప్పట్లు కొట్టింది. నడి చెరువులోంచి మాస్టారు కూడా చప్పట్లు కొట్టబోయి, ఫోను గుర్తొచ్చి ఆగాడు. వీడియో ఎక్కింది. ‘స్థలం: సరైనది. కరెంటు అంతరాయం: సున్నా. అభినందనలు.’

కరెంటు అంతరాయం సున్నా అనేది జిల్లాలో ఏ బడికీ పడని మార్కు. ఇంత గొప్ప బడిని చూడాలని సాక్షాత్తూ జగన్మోహనరావు గారే కారేసుకుని వచ్చారు. ఫోన్లో బాణం చూసుకుంటూ అసలు బడి ముందునుంచే వెళ్ళిపోయారు. కాళ్ళు ముంచారు. వంకాయరంగు కాళ్ళతో గట్టు మీద నిలబడి, “ఆహా, ఎంత ప్రశాంతమైన పాఠశాల!” అన్నారు.

శ్రీలేఖ ఉండబట్టలేకపోయింది. “సార్, ఇది బడి కాదండీ. అదిగో, అదండీ.”

ఆయన బడివైపు చూశారు. ఫోన్ వైపు చూశారు. “అది ఫోన్లో లేదే?”

“ఫోన్లో లేదు గానీ, ఉందండీ.”

“చూడమ్మా, తొందరపడకు. ఇది బడి కాదంటే నీ వీడియో బడి బయట తీసినట్టు. చెల్లదు. ఏడాది పోయిద్ది. ఇదే బడి అంటే నువ్వు పాసు. ఇప్పుడు నిదానంగా చెప్పు. బడి ఏది?”

శ్రీలేఖ తల అటూ ఇటూ తిప్పింది. ఇటు చూస్తే సర్టిఫికెట్. అటు చూస్తే చీకటి గదులు, ఇటుకలూడిన గోడ, గోడ మీద పిల్లలు సుద్దతో వేసిన రొయ్యలు. ఇదే బడి అనేస్తే తను పాసై బందరు పోతుంది, ఆ గదులు లెక్కలోంచి పోయి వానాకాలం పిల్లలు గట్టు మీద తడుస్తారు. ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి.

“బడి ఇదేనండీ” అంది మెల్లిగా. “మరయితే ఆ కట్టడం ఏంటండీ?”

“అదేమీ కాదు. యాప్‌లో లేదు కాబట్టి ఖాళీ స్థలం.”

“ఖాళీ స్థలమైతే, దాన్ని రొయ్యల చెరువు కింద రాయించొచ్చాండీ? చెరువు బడి అయినప్పుడు, బడి చెరువైతే తప్పేంటండీ?”

జగన్మోహనరావు గారు ఫోన్లో రూల్సన్నీ వెతికారు. వీల్లేదనే రూలేదీ కనపడలేదు. కోటయ్య మాత్రం, “కొత్త చెరువు రాయించడం తేలిక సార్. దాని యాప్ వేరే. ఎక్కడ నిలబడి నొక్కినా ఒప్పుకుంటది” అన్నాడు.

వారం తిరక్కుండా బడికి నాలుగో నంబరు చెరువు అని పేరు పడింది. చెరువుల తనిఖీకి ఒకాయనొచ్చి, తరగతి గదిలోకి తొంగిచూసి, “నీళ్ళు లేవేంటి?” అన్నాడు.

“ఆరబెట్టామండీ” అన్నాడు మాస్టారు. పంటకీ పంటకీ మధ్య చెరువు ఆరబెట్టడం మామూలే కాబట్టి ఆయన తలూపి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

శ్రీలేఖకి సర్టిఫికెట్ వచ్చింది. ‘పాఠశాల పరిసరాలు జలమయం, ఆహ్లాదకరం’ అని అందులో రాశారు. డీఎస్సీ ఇదిగో అదిగో అంటున్నారు. మాస్టారు ఇప్పటికీ రోజూ పొద్దున్నే తెప్పెక్కి బడికి వెళ్ళి, నవ్వి, చెరువుకొచ్చి పాఠాలు చెప్తున్నాడు.

చెరువుల కరెంటు లైనుతో పాటు ప్యానెల్ కూడా తరగతి గదిలోకి వచ్చింది. ఊళ్ళో ఏ ఇంట్లో కరెంటు తీసినా, ఇప్పుడు ఆ నాలుగు గోడల మధ్య మాత్రం ఎవరూ తియ్యరు. తీస్తే రొయ్యలు చచ్చిపోతాయి.