సైరన్ మోగించిన ముగ్గురు

ఒక పెద్ద అడవిలో కరెంటు తెలిసిన పక్షి ఒక్కటే ఉండేది. పేరు సోమలింగం, జాతి గిజిగాడు. తెలుసు అనడం కూడా కొంచెం ఎక్కువే. అడవి అంచున రైస్ మిల్లు నడిచే రోజుల్లో కిటికీలో కూర్చుని నూకలు తింటూ ఎలక్ట్రీషియన్ పని చూశాడు. అదే అతని చదువు. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు. అడవిలో ఉండి ఆ సామెత చెప్పడం బాగుండదు గాని, సోమలింగం పరిస్థితి అదే.

అడవికి ఎగువన ఓ పాత చెరువు ఉంది. దాని కట్ట తెగితే వాగు పొంగుతుంది. బొరియల్లో ఉండే కుందేళ్ళూ ముంగిసలూ, వాగు మీదికి వేలాడే గూళ్ళలో పక్షిపిల్లలూ మునిగిపోవాల్సిందే. సోమలింగం గూడు కూడా వాగు మీదే వేలాడుతోంది. అందులో రెక్కలు సరిగ్గా రాని పిల్లలున్నారు.

అందుకని మిల్లు మూతపడగానే కోతులు అందులోంచి ఓ సైరన్‌నీ, బ్యాటరీనీ, వైర్లనీ పీక్కొచ్చాయి. అడవి సంఘానికి పెద్దలు ముగ్గురు. ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి, ఎలుగుబంటి కోశాధికారి. ముగ్గురికీ ఇంటి దగ్గరే తలో స్విచ్ పెట్టాలని తీర్మానించారు.

సోమలింగం మొదట వైరుని పాయలుగా చీల్చి, ఒక్కో పాయకి ఒక్కో స్విచ్ కట్టాడు. ఎవరు నొక్కినా, ఏ దారిన పోయినా కరెంటు సైరన్‌కి చేరుతుంది. నిజానికి అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఏనుగు స్నానానికి బయల్దేరితే సైరన్ మోగించేది. ఉపన్యాసానికి జనం రాకపోతే నక్క మోగించేది. తేనెపట్టు దొరికిందన్న సంతోషంలో ఎలుగుబంటి మోగించేది. నెల తిరగకుండానే సైరన్ మోగితే తోక కదిపేవాడు లేకుండా పోయాడు.

"ఎవరికి వారు మోగిస్తే విలువేముంటుంది? ముగ్గురం నొక్కితేనే మోగాలి" అంది నక్క.

"దానికేం భాగ్యమండీ" అన్నాడు సోమలింగం. పాయలన్నీ విప్పేసి, మూడు స్విచ్‌లనీ ఒకే వైరుకి పూసల్లా గుచ్చాడు. ఇప్పుడు ఏ ఒక్కరు నొక్కకపోయినా కరెంటు అక్కడే ఆగిపోతుంది.

ఇంట్లో పెళ్ళాం తిరపతమ్మ అడిగింది. "ముగ్గుర్లో ఒకడు నిద్రపోతేనో?"

"నీకు అర్థం కాదులే. ఇది టెక్నికల్ విషయం."

అతను అల్లిన గూళ్ళకి ఒకదాని తర్వాత ఒకటిగా వంకలు పెట్టి, ఆఖరికి జాలిపడి ఒకదాంట్లో చేరిన ఇల్లాలు ఆవిడ. ఇప్పుడూ జాలిపడి, పిల్లలకి పురుగులు తేవడానికి ఎగిరిపోయింది.

పరీక్ష రోజున అడవంతా చేరింది. ఏనుగు నొక్కింది. చప్పుడు లేదు. నక్క నొక్కింది. చప్పుడు లేదు. ఎలుగుబంటి ఇప్పపూలు తినడం ముగించి, మూతి తుడుచుకుని, తాపీగా వెళ్ళి నొక్కింది. సైరన్ అడవి దద్దరిల్లేలా మోగింది. జనం ఎలుగుబంటిని భుజాల మీద ఎక్కించుకోబోయి, బరువు చూసి, దండతో సరిపెట్టారు.

ఆ సాయంత్రం నక్క సోమలింగాన్ని పక్కకి పిలిచింది. "ఏమబ్బాయ్, చివర్న నొక్కినవాడి వల్లే మోగుతుందా?"

కాదండీ, ముగ్గురి నొక్కూ సమానమే అని చెప్పాల్సింది. కానీ పెద్దవాళ్ళు సలహా అడిగితే సోమలింగానికి ఒళ్ళు పులకరిస్తుంది. "అవునండీ, చివరి నొక్కే అసలు నొక్కు" అన్నాడు గంభీరంగా. మర్నాడు ఏనుగు, ఆ తర్వాత ఎలుగుబంటి అడిగితే ఇంకా గంభీరంగా అదే చెప్పాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఓ మధ్యాహ్నం చెరువుకట్టకి గండి పడడం సోమలింగం కళ్ళారా చూశాడు. వాగు ఎర్రబడింది. అతను రివ్వున ఏనుగు దగ్గరికి ఎగిరాడు.

"అయ్యా, కట్ట తెగింది. నొక్కండి."

ఏనుగు తొండం స్విచ్ మీదే ఉంది. "వాళ్ళిద్దరూ నొక్కారా?"

"ఇంకా లేదండీ."

"వాళ్ళని కానియ్యి. అధ్యక్షుణ్ణి, ముందుగా నొక్కితే ఏం మర్యాద?"

నక్క దగ్గరికెళ్ళాడు. నక్క కూడా స్విచ్ మీద కాలు వేసే కూర్చుంది. "నేను సిద్ధమే నాయనా. పెద్దాయన తర్వాత, ఎలుగుబంటి తర్వాత."

"నాకు తొందరేం లేదు. దండ పడే పద్ధతి నాకు తెలుసుగా" అంది ఎలుగుబంటి.

"ఎవరు ముందు నొక్కినా ఒకటేనండీ" అని సోమలింగం కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"మొన్న నువ్వే చెప్పావు కదయ్యా" అన్నారు ముగ్గురూ, ఎవరి చోట వారు.

తడిసి ముద్దయి గూటికొచ్చేసరికి నీళ్ళు గూటి మూతిని తాకుతున్నాయి. తిరపతమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే ముక్కుతో పై కొమ్మకి తోస్తోంది.

"ఎక్కడ తిరుగుతున్నావయ్యా?"

"స్విచ్‌లు నొక్కించడానికి..."

"నీకు గొంతు లేదా?"

ఆ మాట సోమలింగానికి చెంపదెబ్బలా తగిలింది. ఆ కొస నుంచి ఈ కొసకి ఎగురుతూ ఎన్ని బొరియలు దాటాడో. ఒక్కచోటా ఆగి, లేవండ్రా అనలేదు. సిగ్గుతో రెక్కలో ముక్కు దాచుకున్నాడు. తిరపతమ్మే అరిచింది. అరుస్తూ వాగు వెంబడి ఎగిరింది. కుందేళ్ళు లేచాయి, ముంగిసలు లేచాయి, అందరూ పిల్లల్ని నోట కరుచుకుని గుట్టెక్కారు. సోమలింగం గూడు మాత్రం తెగి వాగులో కొట్టుకుపోయింది.

అప్పుడు మోగింది సైరన్. బురదనీళ్ళు మూడు స్విచ్ పెట్టెల్లోకీ దూరి, కరెంటుకి తెగి ఉన్న దారులన్నీ తామే కలిపాయి.

నీళ్ళు తీశాక సభ పెట్టారు. చివర్న నొక్కింది తానేనని ముగ్గురూ ప్రమాణం చేసి చెప్పారు. మూడు దండలు వేశారు. కానీ జనం సైరన్‌కి కాక తిరపతమ్మ అరుపుకి లేచారన్న సంగతి పెద్దలకి నిద్ర పట్టనివ్వలేదు. అందుకని నాలుగో స్విచ్ ఆవిడకిస్తామన్నారు. ఇకమీదట నలుగురూ నొక్కితేనే మోగుతుందట.

"నాకెందుకది? ఇంకో గూడు అల్లుకోవాలి, గడ్డి ఏరుకోనివ్వండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ బదులు సోమలింగం మెడ వంచి శాలువా కప్పించుకున్నాడు. స్విచ్ తానే బిగించుకున్నాడు. మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. అడవంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఏనుగు ఆగింది, నక్క ఆగింది, ఎలుగుబంటి ఆగింది. సోమలింగం స్విచ్ మీద కాలు పెట్టి, మెడ తిప్పి, మిగతా ముగ్గురూ నొక్కారా లేదా అని చూస్తూ కూర్చున్నాడు.

నీతి: గొంతున్నవాడి నోరు మూయించడానికి తిట్టక్కర్లేదు, వాడికీ ఓ స్విచ్ ఇస్తే చాలు.