మూడు కోట్ల పెనం

ఆ ఆదివారం ఉదయం పెయింటరు పథకం చాలా చిన్నది. కొత్త పెనం కొనాలి, దానిమీద ఆమ్లెట్ చిరగకుండా వెయ్యాలి, అక్కను సాయంత్రం బస్సెక్కించాలి.

భార్య పోయి ఏడాదైంది. ఆమె వాడిన నాన్‌స్టిక్ పెనం పూత లేచిపోయి, అతను తినే ప్రతి ఆమ్లెట్‌లోనూ నల్ల పెచ్చులు వస్తున్నాయి. పోయినసారి వచ్చినప్పుడు అలాంటి పెచ్చొకటి పంటికింద పడగానే అక్క తీర్పు చెప్పేసింది.

"ఆదివారం మళ్ళీ వస్తా. నా ఎదురుగా ఒక్క ఆమ్లెట్ చిరక్కుండా వేసి చూపించు, నా దారిన నేను పోతా. లేదంటే నా పెట్టె ఇక్కడే దిగుతుంది."

అక్క మంచిదే. కానీ ఆమె ఉన్న ఇంట్లో గోడమీది బల్లి కూడా అడిగి కదలాలి.

గిన్నెల కొట్టువాడు మూడు పెనాలు ముందు పెట్టాడు. ఒకటి అట్టముక్కలా వంగింది. ఇంకోదాని ధర చెప్పగానే పెయింటరు చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. మధ్యదాన్ని తట్టి చూశాడు.

"కళ్ళు మూసుకుని తీసుకోండి బాబాయ్. మూడు కోట్ల పెనం."

"మూడు కోట్లా! నీ కొట్టు మొత్తం అమ్మినా రాదు కదరా!"

"ఆ కోట్లు కాదు బాబాయ్, పూతలు! మూడుసార్లు పూశారు. చచ్చినా అంటుకోదు. అంటుకుంటే నాకు ఫోన్ చెయ్యండి."

అక్కడే వచ్చింది చిక్కు. బతుకంతా గోడలకు పూతలు పూసినవాడు ఇంకొకడి పూతను ఎలా నమ్ముతాడు? ఇంటికి రాగానే పెనాన్ని కిటికీ వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. "నునుపు లేదు. పనిదొంగ వెధవలు" అని తిట్టి, ఉప్పుకాగితం తీశాడు. మూడు కోట్లలో ఒకటి గీకితే ఇంకా రెండుంటాయి. చేతులు నొప్పెట్టేదాకా గీకాడు. అడుగున తెల్లగా కనబడింది. అడుగుపూత, ప్రైమరు కాబోలనుకుని తృప్తిపడ్డాడు.

అక్క వచ్చేలోపు ఒకసారి సరిచూసుకుందామని గుడ్డు కొట్టి పోశాడు. గుడ్డు రేకును ఉడుంపట్టు పట్టింది. మంట పెంచితే వదులుతుందేమోనని పెంచాడు. గుడ్డు వదల్లేదు గానీ పొగ వదిలింది. వంటింట్లో ఫోన్ పలకదు. కొట్టువాడికి చెయ్యడానికి ఫోన్ పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. అతని వెనకాల తలుపు మూసుకుని దానంతటదే తాళం పడింది.

"అంటుకుందయ్యా! మొత్తం అంటుకుంది! ఒకటే పొగ!"

"నూనె వేశారా బాబాయ్?" అన్నాడు కొట్టువాడు అవతలినుంచి.

"వెయ్యకేం? నా చేతులతో నేనే పోశాను నూనె!"

పక్కింటి పంతులమ్మకు పెయింటరు మాటలు వినబడ్డాయి. కొట్టువాడివి వినబడలేదు. కిటికీలోంచి పొగ మాత్రం కనబడుతోంది. అక్క వస్తానన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. "అయ్యో, అక్కగారు వస్తున్నారని ఇంతపని చేశాడా!" అని గుండెలు బాదుకుని, ఆమె ఫైరింజనుకు ఫోన్ చేసింది.

కొట్టువాడితో వాదన తెగకముందే ఫైరింజను గంట మోగింది. పెయింటరు దారివ్వడానికి పక్కకు జరిగి, "పాపం, ఎవరి కొంపో!" అన్నాడు.

"మీదేనండీ," అంది పంతులమ్మ.

"లోపల ఎవరున్నారు?" అంటూ ఫైరు మేస్త్రీ గొడ్డలితో దిగాడు.

"ఎవరూ లేరు. గుడ్డుంది."

"గుడ్డా? ఇల్లంటుకుందని ఫోనొచ్చింది!"

"ఇల్లు కాదయ్యా, గుడ్డు అంటుకుంది! పెనానికి!"

"నూనె పోశానని మీరేగా అరిచారు!" అంది పంతులమ్మ.

"గుడ్డు వెయ్యడానికి నూనె కాక పెట్రోలు పోస్తారా?"

"గుడ్డయినా ఇల్లయినా పొగొస్తే మా పని మాకు తప్పదు. తాళం ఇవ్వండి."

తాళం లోపలే ఉంది. తలుపు రెండు దెబ్బలకు పడింది. ఆ తర్వాత పైపు లోపలికి వెళ్ళింది. బియ్యం, పిండి, దుప్పటి, మంచం తడిశాయి. గుడ్డు మాత్రం కదల్లేదు.

సరిగ్గా అప్పుడే అక్క పెట్టెతో దిగింది. విరిగిన తలుపు దాటి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, నీళ్ళలో నడిచి వంటిల్లంతా చూసింది. పెయింటరు గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు.

"ఈ కొంపలో నేనుండను," అంది.

ఏడాదిగా ఇంత చక్కటి మాట అతని చెవిన పడలేదు. సంతోషం ముఖంలో తెలియకుండా నేలచూపు చూస్తూ, "నీ ఇష్టం అక్కా. బలవంతం చెయ్యను," అన్నాడు.

"నువ్వు చేసేదేమిట్రా బలవంతం? నువ్వూ ఉండటం లేదు. ఉన్న బట్టలు పిండుకుని నా ఇంటికి పద. ఇది ఆరేదాకా అక్కడే."

ఇల్లు వారానికే ఆరింది. అక్క మాత్రం, వెళ్ళి చూడకుండానే, ఇంకా చెమ్మ ఉందంటోంది.