కాలేజీ చూపులు

ఇంజనీరింగు సీటుకు ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీని స్వయంగా చూసి రావడం తల్లిదండ్రుల పవిత్ర బాధ్యత. మచిలీపట్నంలో దాన్ని వెంకటసుబ్రహ్మణ్యం గారంత నిష్ఠగా నెరవేర్చినవారు లేరు. ఆఫీసు సూపరింటెండెంటు కనుక ఆయనకు దేనికైనా ఓ పద్ధతి ఉండాలి. కాలేజీ చూసే పద్ధతి ఎవరూ రాసిపెట్టలేదు. అందుకని తెలిసిన పద్ధతిలో, పెళ్లిచూపులకు మగపెళ్లివారు వెళ్లినట్టు, వెళ్లారు.

రాహుకాలం దాటాక బయల్దేరారు. ఆయన, భార్య రామలక్ష్మి, కూతురు తన్మయి. ముగ్గురు వెళ్తే పని చెడుతుందని బావమరిదిని కూడా రమ్మన్నారు.

తన్మయి ఇంట్లో మిక్సీ విప్పి మళ్లీ బిగించిన పిల్ల. ల్యాబులో చేత్తో పని చేయనిచ్చే కాలేజీ కావాలని ఒక్కటే కోరిక. చెప్పబోతే, "పెద్దవాళ్లం చూస్తున్నాం కదమ్మా" అన్నారు నాన్నగారు.

మొదటి కాలేజీ ముదినేపల్లి దాటాక, చేపల చెరువుల మధ్య ఉంది. వాళ్ల ఏసీ బస్సే ఇంటికొచ్చింది. గేటు దగ్గర పన్నీరు చల్లి లడ్డు పెట్టారు. ఛైర్మన్ బుచ్చిరాజు గారు ప్రసంగించారు. "మా దగ్గర విద్యార్థి అంటే దేవుడండీ. దేవుడికి పని చెప్తామా? అన్నీ మేమే చేసిపెడతాం." చప్పట్లు మోగాయి.

వెంకటసుబ్రహ్మణ్యం గారు క్షుణ్ణంగా విచారించారు. గేటు తూర్పుముఖం. గోంగూర పుల్లగా, నెయ్యి కమ్మగా ఉన్నాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు కనుక ల్యాబు జోలికి వెళ్లలేదు. వెళ్లింది తన్మయి.

"ఇది రోజూ తీస్తారా అక్కా?" అని అక్కడున్న సీనియర్ని అడిగింది.

"లేదమ్మా, మీలాంటివాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడే."

మర్నాడు గుడివాడలో ఇంకో కాలేజీ. పన్నీరు లేదు, లడ్డు లేదు. ల్యాబులో పిల్లలు తలెత్తి చూడలేదు. ప్రొఫెసరు శ్రీనివాసరావు గారు, "క్లాసవుతోందండీ, కాసేపు కూర్చోండి" అని పెద్దలకు బయట బల్ల చూపించి, తన్మయిని లోపలికి రమ్మని చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చారు. గంట తర్వాత ఆ పిల్ల వేలు కాల్చుకుని, సంతోషం పట్టలేక బయటికొచ్చింది.

"నాన్నా, ఇదే."

"మర్యాద తెలియని సంబంధం. మనం వచ్చినా పాఠం ఆపలేదు" అని ఆయన తేల్చేశారు. ఇంటికెళ్లి కబురు చేస్తామని గుడివాడ వాళ్లకు చెప్పి, బుచ్చిరాజు గారికి కబురు చేశారు.

నాలుగేళ్లయింది. తన్మయికి ఉద్యోగం కూడా అక్కడే వచ్చింది. చూపుల రోజున పట్టుచీర కట్టుకుని పన్నీరు చల్లుతుంది. ల్యాబు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. అమ్మాయి కళ్లెదుటే ఉందని నాన్నగారు మురిసిపోతారు. చూపుల రోజు మొదటి బంతిలో ఆయనకో విస్తరి ఖాయం.

మొన్న అవనిగడ్డ నుంచి వచ్చిన ఓ పిల్ల ల్యాబు ముందు ఆగింది.

"ఇది రోజూ తీస్తారా అక్కా?"

తన్మయి అటూ ఇటూ చూసింది. "గుడివాడ వెళ్లమ్మా. ఇవాళే వెళ్లు."

పిల్ల పరుగున వెళ్లి తండ్రికి చెప్పబోయింది. ఆయన విస్తరి ముందున్నారు. "పెద్దవాళ్లం చూస్తున్నాం కదమ్మా" అని, గోంగూర మారు వడ్డించమని సైగ చేశారు.

పక్క విస్తరిలో వెంకటసుబ్రహ్మణ్యం గారు ఆ పెద్దమనిషి పద్ధతికి ముచ్చటపడి, తన లడ్డు తీసి ఆయనకిచ్చారు.